గుంటూరు మేడ మీద జాన్సెన్

పోయిన సంవత్సరపు మన వార్షిక సంచికలో ‘మీకు తెలుసా?’ అనే శీర్షిక క్రింద నా పేరుతో ఒక చిన్న ముక్క అచ్చయింది. 1868లో పియెర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరులో హీలియం అనే మూలకాన్ని కనిపెట్టాడనీ, కాబట్టి గుంటూరు హీలియానికి పుట్టినిల్లనీ దాని సారాంశం. ఉన్నవి ఐదు వాక్యాలే గాని చాలామంది మెచ్చుకున్నారు. మా నాయన ఆ పుటను జిరాక్సు తీయించి ఎరువుల కొట్టు దగ్గర కూర్చున్న నలుగురికీ చూపించాడు. కొన్నాళ్లకు మా లెక్చరరు గారొకరు నన్ను పిలిచి, జాన్సెన్ గుంటూరులో చూచిన గీతలేవో, వాటిలో హీలియం గీతను గుర్తుపట్టినది ఎవరో చెప్పమన్నారు. నాకు నోట మాట రాలేదు. మీకు తెలుసా అని లోకాన్ని అడిగినవాడికే తెలియలేదన్నమాట! ఆ సిగ్గుతో లైబ్రరీలో కూర్చుని చదివితే బయటపడిన మనిషి నా ఐదు వాక్యాలలో పట్టేవాడు కాడు. ఆయన కథే ఇది.

ముందుగా పేర్ల సంగతి నాలుగు మాటలు చెప్పుకోవాలి. రైతుబిడ్డలకు మూలకాల పేర్లు కాలేజీకి వచ్చాక తెలిసేవి కావు. పత్తి, మిరప వేసే మా ఇళ్లలో నత్రజని, భాస్వరం, పొటాష్ అనే మూడు మాటలు ఉప్పు, పప్పు అన్నంత మామూలుగా వినబడతాయి. డి.ఏ.పి. బస్తా మీద 18-46 అని ఉంటే అందులో ఏది ఎంతో బడి మొగం చూడనివాళ్లు కూడా చెబుతారు. కాని ఆ పేర్లకు అర్థం ఏమిటని నేను ఎన్నడూ ఆలోచించలేదు. భాస్వరం అంటే వెలిగేది. చీకట్లో తనంత తానే వెలుగుతుంది గనుక ఆ పేరు. పొటాష్ అంటే కుండ బూడిద. కట్టెల బూడిదను నీళ్లలో కలిపి, ఆ తేటను కుండలో మరిగించి తీసిన ఉప్పుకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరది. పొటాషియం అందులోనుంచే వచ్చింది. నత్రజని అంటే పెట్లుప్పును పుట్టించేది. ఇదే వాయువుకు ఫ్రాన్సులో లవోయిజే కాలంలో పెట్టిన పేరు అజోట్, అంటే ప్రాణం నిలువనిది. ఉత్త నత్రజనిలో ఏ జీవమూ బ్రతకదు గనుక అలా అన్నారు. ఫ్రెంచివారు ఈనాటికీ ఆ మాటే వాడతారు. పైరుకు ప్రాణమని మా నాయన యూరియా బస్తాలు భుజాన మోసుకొచ్చేది ఆ ప్రాణం లేనిదాని కోసమే!

ఆమ్లజని సంగతి ఇంకా తమాషా. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఈ వాయువేనని లవోయిజే భ్రమపడి పెట్టిన పేరుకు అది తెలుగు. మనం ప్రాక్టికల్సులో రోజూ వాడే హైడ్రోక్లోరికామ్లంలో ఆమ్లజని బొత్తిగా లేదు. తప్పు తేలి రెండు వందల ఏళ్లు దాటింది గాని పేరు అలాగే ఉండిపోయింది. హీలియం అంటే సూర్యునికి సంబంధించినది. గ్రీకు భాషలో హీలియోస్ అంటే సూర్యుడు. తెలుగులో దానిని రవిజని అన్నవారూ ఉన్నారు. ఈ పేరులోనూ ఒక తప్పు దాగి ఉంది. దానిని తరువాత చెబుతాను.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో జన్మించాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో దాది అజాగ్రత్తవల్ల కాలికి దెబ్బ తగిలి జీవితాంతం కుంటివాడైనాడు. అందువల్ల తోటి పిల్లలతోపాటు బడికి పోలేదు. ఇంటి దగ్గరే చదువు. ఇల్లు గడవక చిన్న వయసులోనే బ్యాంకులో ఉద్యోగానికి కుదిరాడు. తీరిక దొరికినప్పుడు లెక్కలు, భౌతికశాస్త్రం చదువుకుని పట్టా పుచ్చుకునేసరికి 28 ఏళ్లు వచ్చాయి. డాక్టరేటు 1860లో, అంటే 36వ ఏట. ఒక పేపరు పోతే బ్రతుకే పోయిందని రెండు రోజులు అన్నం మానేసిన మా హాస్టలు మిత్రుడికి ఈ లెక్కలు చూపించాను.

1857లో భూమి అయస్కాంత మధ్యరేఖ ఎక్కడుందో కొలవటానికి ప్రభుత్వం ఆయనను పెరూ దేశానికి పంపింది. కుంటికాలితో అడవుల్లో పడి తిరిగి, జబ్బుపడి, చావు తప్పి ఇంటికి చేరాడు. ఆ తరువాత లె క్రూజో అనే ఊళ్లో ఇనుప కర్మాగారాల యజమానులైన ష్నైడర్ వారింట పిల్లలకు చదువు చెప్పాడు. అక్కడ కరిగిన ఇనుము దగ్గర పనిచేసేవాళ్ల మొహాలు వేడికి మాడిపోతున్నా కళ్లు మాత్రం అంతగా బాధపడకపోవటం ఆయన గమనించాడు. కంటిలో ఉండే నీరే ఆ వేడి కిరణాలను తాగేస్తున్నదని తేల్చాడు. డాక్టరేటు గ్రంథం దాని మీదనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు ఒక కొత్త దారి తెరిచారు. ఏ మూలకాన్ని మంటలో పెట్టినా దానికి సొంతమైన రంగు గీతలు వర్ణపటంలో కనబడతాయి, మనిషికి వేలిముద్రలు ఉన్నట్లు. ఇక మూలకాల నామకరణం కూడా మారిపోయింది. 1860లో ఆకాశనీలపు గీతలు చూచి సీజియం అన్నారు, 1861లో ముదురు ఎరుపు చూచి రుబీడియం అన్నారు. లేత చిగురాకుపచ్చ గీత చూచి క్రూక్స్ థాలియం అన్నాడు; ఆ మాటకు గ్రీకులో పచ్చని చిగురని అర్థం. 1863లో నీలిమందు రంగు గీతతో ఇండియం వచ్చింది. (ఇండియం పేరు ఇండియా దేశాన్ని బట్టి వచ్చిందని నేను ఇంటరులో వ్రాసి మార్కులు పోగొట్టుకున్నాను. ఇండిగో అనే మాట మాత్రం మన దేశం పేరునుంచే వచ్చింది గనుక నేను మరీ దూరం పోలేదని ఇప్పటికీ నా వాదన.) చేతిలో పట్టుకుని చూడకముందే, గీత చూచి పేరు పెట్టే కాలం అది. హీలియానికి పేరు ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఇది తెలియాలి.

జాన్సెన్ ఈ వర్ణపటదర్శినిని చేతబట్టి వదల్లేదు. సూర్యకాంతిలో కనబడే నల్లని గీతల్లో కొన్ని సూర్యునివి కావు, మన గాలిలోని నీటి ఆవిరివల్ల వచ్చేవి అన్నది ఆయన వాదం. దానిని రుజువు చెయ్యటానికి జెనీవా సరస్సు ఒడ్డున నియోన్ అనే చోట పెద్ద నెగడు వేయించి, 21 కిలోమీటర్ల అవతల జెనీవానుంచి ఆ మంట వెలుగును పరీక్షించాడు. 1866లో పారిస్ గ్యాస్ కర్మాగారంలో 37 మీటర్ల పొడుగు ఇనుప గొట్టం నిండా ఆవిరి పట్టించి, ఒక కొసన దీపాలు పెట్టి రెండో కొసనుంచి చూచాడు. అవే గీతలు కనబడ్డాయి. మాట నమ్మరేమోనని గొట్టమే కట్టి చూపించే మనిషన్నమాట.

ఇక మన గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఏడెన్ నుంచి మన దేశం మీదుగా సయాం దాకా పోయే ఆ నీడ పడమటి తీరాన ప్రవేశించి మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి దిగింది. వర్ణపటదర్శిని వచ్చాక ఇంత దీర్ఘమైన సంపూర్ణ గ్రహణం రావటం అదే మొదలు. గ్రహణ సమయంలో నల్లని బింబం అంచున ఎర్రని మంటల్లాంటివి లేస్తాయని అంతకుముందే చూచారు గాని అవి ఏమిటో తెలియదు. సూర్యునివా, చంద్రునివా, కంటి భ్రమా అన్న తగవు అంతకు పూర్వం ఉండేది. సూర్యునివేనని 1860 గ్రహణంలో తీసిన ఫొటోలతో తేలింది. వాయువులా, మేఘాలా, గట్టి పదార్థమా అన్నది మిగిలింది.

సూయజ్ కాలువ అప్పటికింకా తెరవలేదు. అయినా జాన్సెన్ జూలై నెలలో మద్రాసు చేరాడు. బ్రిటిషు ప్రభుత్వం వారు మర్యాదగానే సాయం చేశారు. సముద్రపు ఒడ్డున మబ్బులు ఎక్కువని విచారించి, తీరానికి కాస్త లోపలగా గుంటూరును ఎంచుకున్నాడు. అప్పుడు గుంటూరు జిల్లా లేదు. 1859లో దానిని రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపారు, మళ్లీ 1904లో గాని విడిగా రాలేదు. జిల్లా పోయినా పత్తి వ్యాపారం మాత్రం పోలేదు. అమెరికాలో అంతర్యుద్ధం జరిగిన 1861-65 సంవత్సరాలలో ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయి మన దేశపు పత్తికి ధర ఎక్కడికో పోయింది. ఆ వ్యాపారం మీద ఫ్రెంచి వర్తకులు కూడా గుంటూరులో కాపురమున్నారు. అందులో జూల్ లెఫొషేర్ అనే ఆయన తన మేడ పై అంతస్తు అంతా జాన్సెన్‌కు ఇచ్చాడు. ఊళ్లోకల్లా ఎత్తైన మేడ. అక్కడే దూరదర్శినులు నిలబెట్టారు. పత్తి డబ్బుతో కట్టిన మేడ అనుకుంటే పత్తి రైతు కొడుకునైన నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. మన పూర్వుల చెమట కూడా ఆ మెట్లలో ఎంతో కొంత ఉండే ఉంటుంది గదా!

పంచాంగం ప్రకారం ఆ రోజు విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. అంటే పోలాల అమావాస్య కూడా. మా నాయనమ్మకు ఈ సంగతి చెబితే గ్రహణం కన్నా అదే పెద్ద విశేషమన్నట్లు తల ఊపింది. 2019 డిసెంబరు 26న పొద్దుటిపూట పాక్షిక గ్రహణం పట్టినప్పుడు ఆమె ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, అది నిలబడింది చూడమని అందరినీ పిలిచింది. 1868 నాటి ఆ ఉదయం గుంటూరు ఇళ్లలోనూ దర్భలూ పట్టు స్నానాలూ తప్పి ఉండవు. మేడ మీద మాత్రం ఒక కుంటి దొర గొట్టంలో కన్ను పెట్టి కూర్చున్నాడు.

అంతకుముందు రోజులు వాన, మబ్బు. ఆ ఉదయం మాత్రం ఆకాశం తెరిపి ఇచ్చింది. సంపూర్ణ గ్రహణం ఆరు నిమిషాలకు కొంచెం తక్కువ. సూర్యుడు పూర్తిగా మరుగుపడగానే అంచున రెండు పెద్ద మంటలు కనబడ్డాయి. జాన్సెన్ వర్ణపటదర్శిని చీలికను వాటి మీదికి తిప్పాడు. అతుకులేని రంగుల పట్టీ కాదు, విడివిడిగా ఐదారు మెరిసే గీతలు! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. మెరిసే గీతలు వచ్చాయంటే అది మండుతున్న వాయువు. ఎర్ర గీత, నీలి గీత ఉదజనివి. కాబట్టి ఆ మంటల్లో ముఖ్యమైనది ఉదజని. అదే ఉదయం అదే గుంటూరులో మేజర్ టెన్నెంట్ బృందమూ, ఇతర చోట్ల ఇతరులూ దాదాపు ఇదే చూచారు. ఇక్కడితో ఆగి ఉంటే జాన్సెన్ వారిలో ఒకడుగా మిగిలేవాడు.

ఆగలేదు. ఆ గీతలు ఎంత గాఢంగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునే అన్న ఆలోచన ఆ కొద్ది నిమిషాలలోనే ఆయనకు తట్టింది. వెంటనే చేసి చూద్దామంటే మబ్బు కమ్మేసింది. మర్నాడు ఆగస్టు 19 తెల్లవారుజామునే లేచి కూర్చున్నాడు. సూర్యుడు పైకి రాగానే చీలికను బింబం అంచుకు చేర్చి చూచాడు. పట్టపగటి వెలుగులో, గ్రహణం గిహణం ఏమీ లేకుండా, ఆ ఎర్ర గీత మెరుస్తూ కనబడింది.

దీని కిటుకు మన కళ్లంలోని కిటుకే. మిరపకాయలు కుప్పగా పోసి ఉంటే అందులో తాలుకాయ ఎక్కడుందో ఎవడికీ కనబడదు. అదే కుప్పను కళ్లమంతా పలచగా పరిస్తే ఎర్రకాయలు పలచబడిపోతాయి, తెల్లని తాలు కళ్లకు కొట్టినట్లు కనబడుతుంది. సూర్యుని చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగు అన్ని రంగులూ కలిసిన కుప్ప. వర్ణపటదర్శిని దానిని ఈ చివరనుంచి ఆ చివరకు పరిచేస్తుంది గనుక ఎక్కడికక్కడ పలచబడుతుంది. మంటలోని ఉదజని వెలుగు ఒకటి రెండు గీతల్లోనే ఇమిడి ఉంటుంది, ఎంత పరిచినా అది పలచబడదు. చదువుతున్నంతసేపూ నాకు మా కళ్లమే కళ్లల్లో ఆడింది.

తరువాత సెప్టెంబరు 4 వరకూ 17 రోజులు జాన్సెన్ గుంటూరు మేడ దిగలేదు. చీలికను అంచు వెంట జరుపుకుంటూ మంటల ఆకారాలు గీసుకున్నాడు. ఒకనాడు ఉన్న మంట మరునాడు ఉండేది కాదు. భూమికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన మంటలు చూస్తుండగానే రూపు మారిపోయేవి. అంతకుముందు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కొన్ని నిమిషాల గ్రహణం కోసం సముద్రాలు దాటి, మబ్బు పడితే ఊరికే తిరిగిపోయేవారు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఇదే గ్రహణానికి వనపర్తి వెళితే అక్కడ మబ్బులే ఎదురయ్యాయి. ఇక ఆ బాధ తప్పింది. గుంటూరులో జరిగిన అసలు పని ఇదీ. నా ఐదు వాక్యాల్లో దీని ఊసే లేదు!

సెప్టెంబరు 19న కాకినాడనుంచి ఫ్రెంచి సైన్సు అకాడమీకి జాన్సెన్ ఉత్తరం వ్రాశాడు. అది ఓడల మీద పోయి పారిస్ చేరేసరికి అక్టోబరు చివరి వారం. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే యుద్ధశాఖ గుమాస్తా, తీరిక వేళల్లో ఆకాశం చూసేవాడు, అదే ఉపాయం స్వతంత్రంగా ఆలోచించి అక్టోబరు 20న సూర్యుని మంటల గీతలు పగలే చూచాడు. రెండు కబుర్లూ దాదాపు ఒకే వేళకు అకాడమీకి అందాయి. ఎవరు ముందు అని కొట్టుకోకుండా, ఇద్దరి తలలూ పక్కపక్కన ఉన్న పతకం ఒకటి 1872లో ఫ్రెంచి ప్రభుత్వం వేయించింది. రెండో వైపున గుర్రాల రథం మీద సూర్యదేవుడు, గ్రహణం తేదీ. ఆ తేదీ మన గుంటూరు తేదీ.

ఇప్పుడు పసుపు గీత సంగతి. మన ల్యాబులో జ్వాలా పరీక్ష చేసినవారికి తెలుసు, సోడియం ఎంత పోకిరీదో. ప్లాటినం తీగను ఎంత కడిగినా, చేతి చెమట తగిలితే చాలు, మంట పసుపు తిరుగుతుంది. ఆ రోజు గ్రహణంలో పసుపు గీత చూచినవాళ్లలో ఎక్కువమంది అది సోడియమేనని అనుకున్నారు. వారిని తప్పు పట్టలేం. మచిలీపట్నంలో కూర్చున్న మద్రాసు నక్షత్రశాల అధికారి పాగ్సన్ ఒక్కడికి మాత్రం అది సోడియం గీత ఉన్నచోటనే ఉందా, కాస్త పక్కకు ఉందా అన్న అనుమానం వచ్చింది. గ్రహణపు హడావిడిలో అంతకుమించి తేల్చటం సాధ్యం కాలేదు. జాన్సెన్ పసుపు గీతను చూచాడేగాని అది కొత్త మూలకానిదని ఆయన ఎక్కడా అనలేదు.

తీరిగ్గా కొలవటానికి గ్రహణం అక్కరలేని పద్ధతే కావలసి వచ్చింది. లాకియర్ ఇంగ్లండులో కూర్చుని రోజుల తరబడి చూచి, సోడియం గీతలు రెండూ సుమారు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఈ గీత 587.6 దగ్గర ఉందనీ, ఇది సోడియం కాదనీ నిశ్చయించాడు. దానికి డి-3 అని గుర్తు పెట్టారు. ఉదజనినే రకరకాలుగా వేధించి ఆ గీత తెప్పించాలని రసాయనశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లండుతో కలిసి ప్రయత్నిస్తే అది రాలేదు. అప్పుడు భూమి మీద ఎవరూ చూడని మూలకమేదో సూర్యునిలో ఉందని లాకియర్ నమ్మాడు. హీలియం అన్నాడు. 1871లో ఎడింబరోలో బ్రిటిష్ అసోసియేషన్ సభలో విలియం థామ్సన్, అంటే తరువాతి లార్డ్ కెల్విన్, అధ్యక్షోపన్యాసంలో ఆ పేరు చెప్పటంతో అది లోకానికి తెలిసింది. చాలామంది నవ్వారు. ఫ్రాంక్లండే ఆ పేరుకు ఒప్పుకోలేదు.

పేరులో తప్పు ఉందన్నాను గదా. సోడియం, పొటాషియం, సీజియం వంటి లోహాల పేర్లకు చివర ‘ఇయం’ వస్తుంది. లాకియర్ తన కొత్త మూలకం కూడా లోహమేననుకుని ఆ తోక తగిలించాడు. తీరా అది ఎవరితోనూ కలవని వాయువు. దాని బంధువులకు తరువాత పెట్టిన పేర్లు చూడండి: ఆర్గాన్ అంటే సోమరి, నియాన్ అంటే కొత్తది, క్రిప్టాన్ అంటే దాగినది, జినాన్ అంటే పరాయిది. అందరికీ ‘ఆన్’ తోక, హీలియానికి మాత్రం ‘ఇయం’. గ్రూపులో ఒక్కటే వేరు తోకతో ఎందుకుందని ఎవరైనా వైవాలో అడిగితే ఇక తడుముకోనక్కరలేదు.

ఆ రోజుల్లో ఇలా గీత చూచి పుట్టిన పేర్లు ఇంకా ఉన్నాయి. నభంలో మేఘాల్లా కనబడే నీహారికల్లో ఆకుపచ్చ గీత చూచి నెబ్యులియం అన్నారు. 1869 గ్రహణంలో సూర్యుని కరోనాలో ఒక ఆకుపచ్చ గీత చూచి కరోనియం అన్నారు. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కాయి. 1927లో బోవెన్ లెక్కకట్టి నెబ్యులియం అంటే రెండు ఎలక్ట్రానులు పోగొట్టుకున్న మామూలు ఆమ్లజనేనని తేల్చాడు. 1940 ప్రాంతంలో గ్రోట్రియన్, ఎడ్లెన్ అనేవారు కరోనియం అంటే 13 ఎలక్ట్రానులు పోయిన ఇనుమని చూపించారు. పలుగూ పారా చేసే ఇనుమే! పేర్లు రెండూ పోయాయి. హీలియం కూడా అలా పోవలసిందేనని నవ్వినవాళ్లు అనుకున్నారు.

లండన్‌లో ఆ వాదాలు జరుగుతుండగా జాన్సెన్ ఏం చేస్తున్నాడు? గుంటూరునుంచి సిమ్లా కొండల్లోకి పోయి కొన్నాళ్లు సూర్యుని చూచి, స్వదేశం చేరాడు. 1870లో ప్రష్యా సైన్యాలు పారిస్‌ను ముట్టడించాయి. డిసెంబరు 22న అల్జీరియాలో మళ్లీ సంపూర్ణ గ్రహణం. ఊరు దాటే దారి లేదు. 46 ఏళ్ల కుంటి మనిషి, డిసెంబరు 2 తెల్లవారుజామున పరికరాలు వేసుకుని ‘వోల్టా’ అనే బెలూను ఎక్కి, శత్రుసైన్యం తలలమీదుగా ఎగిరిపోయి సముద్రతీరం దగ్గర దిగాడు. ఆ బెలూనులో నింపింది బొగ్గునుంచి తీసిన గ్యాసు; నిప్పురవ్వ పడితే బూడిదే. ఇప్పుడైతే అంటుకోని హీలియం నింపుతారు. (కోటప్పకొండ తిరునాళ్లలో పిల్లలకు కొనేవన్నీ హీలియం బుడగలని అనుకోకండి. తిరునాళ్లలో అమ్మేవాటిలో చాలావరకు చవకగా ఉదజని నింపుతారు. దీపానికి దూరంగా ఉంచటం మేలు.) ఇంత సాహసం చేసి ఓరాన్ చేరితే గ్రహణం నాడు మబ్బు! అయినా మనిషి విసుక్కోలేదు. 1871 డిసెంబరు 12 గ్రహణానికి మళ్లీ మన దక్షిణాదికే, నీలగిరులకు వచ్చాడు.

తక్కినది త్వరగా చెబుతాను. 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు నడవటం చూడటానికి జపానులోని నాగసాకి వెళ్లాడు. దానికోసం 72 సెకండ్లలో 48 బొమ్మలు తీసే తిరుగుడు కెమెరా తయారుచేశాడు. సినిమాకు పూర్వీకుల్లో దానిని కూడా లెక్కపెడతారు. తరువాత పారిస్ పక్కన మూడోన్‌లో నక్షత్రశాల నెలకొల్పి చివరివరకూ దానికి అధిపతిగా ఉన్నాడు. సూర్యకాంతిలోని ఆమ్లజని గీతలు సూర్యునివా, మన గాలివా తేల్చాలంటే గాలి పలచగా ఉన్నచోటికి పోవాలి గనుక 66వ ఏట మంచు కొండ మోబ్లాన్ శిఖరం ఎక్కాడు. కాలు పనికిరాదు గనుక కొండ మనుషులు ఆయనను బండిలాంటి దానిమీద కూర్చోబెట్టి తాళ్లతో లాగారు. గీతలు మన గాలివేనని తేలింది. 1893లో ఆ శిఖరం మంచు మీదనే ఒక వేధశాల కట్టించాడు.

1895 మార్చిలో లండన్‌లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే ఒక వాయువు వచ్చింది. వర్ణపటంలో పసుపు గీత, 587.6 దగ్గర. క్రూక్స్ కొలిచి అవునన్నాడు. సూర్యునిలో పేరు పెట్టిన 24 ఏళ్లకు మూలకం భూమిలో దొరికింది. యురేనియం, థోరియం వంటివి విచ్ఛిన్నమవుతూ వదిలే ఆల్ఫా కణాలే హీలియం అవుతాయని తరువాత రూథర్‌ఫర్డ్ తేల్చాడు. అందుచేత థోరియం ఉన్న మోనజైటు ఇసుకలోనూ అది చిక్కుకుని ఉంటుంది. మన కోస్తాలో భీమునిపట్నం దగ్గర ఆ ఇసుక ఉంది. జాన్సెన్‌కు అప్పుడు 71 ఏళ్లు. మరి పన్నెండేళ్లు బ్రతికి 1907 డిసెంబరు 23న మూడోన్‌లో కన్నుమూశాడు. ఆ మరుసటి సంవత్సరమే, 1908 జూలై 10న, ఆన్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు హీలియాన్ని ద్రవంగా మార్చాడు.

మహారాష్ట్రలోని విజయదుర్గం కోట వద్ద కూడా హీలియం తమ దగ్గరే దొరికిందని చెప్పుకుంటారు. లాకియర్ అక్కడికి వచ్చింది 1898 గ్రహణానికి. 1868లో ఆయన ఇంగ్లండు దాటలేదు. వారిని చూచి నవ్వబోయి, నా ఐదు వాక్యాలు గుర్తుకొచ్చి ఆగిపోయాను. ఇదంతా మా నాయనకు చెప్పటానికి నేను రెండు వారాలు వెనకాడాను. చివరికి ఒక రాత్రి మిరపకళ్లం కాపలా దగ్గర చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, ఆ దొర గుంటూరులో ఉన్నది ఎన్ని రోజులని మళ్లీ అడిగి, 17 రోజుల సంగతి కొట్టు దగ్గర తానే చెబుతానన్నాడు.

కాబట్టి పాఠకులకు మనవి. పోయిన సంచికలో నా పేరుతో ఉన్న ముక్కలో ‘గుంటూరులో హీలియం అనే మూలకాన్ని కనిపెట్టాడు’ అన్నచోట, ‘గ్రహణం లేకుండానే సూర్యుని మంటలను చూసే పద్ధతిని 1868 ఆగస్టు 19న గుంటూరులో కనిపెట్టాడు’ అని దిద్దుకుని చదువుకోగలరు. ‘పుట్టినిల్లు’ అన్న వాక్యాన్ని పూర్తిగా కొట్టివేయవలసిందిగా కోరుతున్నాను.